తీసేసిందేదో చెప్పి తీసేయండి: సింప్లిఫై గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సింప్లిఫై గారికి,

ఇక్కడ మిర్చి కోతలు ముమ్మరంగా ఉన్నాయి. కళ్లాల మీద కాయ ఎర్రగా పరుచుకుని ఆరుతోంది. పత్తి తీతలు చివరికొచ్చాయి. మా కాలేజీ ల్యాబులోని కంప్యూటర్లలో, మా పిల్లల ఫోన్లలో మీరు కూడా క్షేమంగా ఉన్నారని ప్రతిరోజూ తెలుస్తూనే ఉంది.

నేనెవరినో ముందు చెప్పుకోవాలి. చిలకలూరిపేట, పర్చూరు, ఇంకొల్లు మధ్య నల్లరేగడి ఊళ్ల నుంచి బస్సులెక్కి వచ్చే పిల్లలకు డిగ్రీలో గణితం చెబుతాను. బీజీయ సమాసం ఇచ్చి సూక్ష్మీకరించమంటే ముప్పావు పేజీ చక్కగా చేసి, చివరి రెండు పంక్తుల్లో ఒక మైనస్ గుర్తు జారవిడిచే పిల్లలు వాళ్లు. వాళ్లకు, సమాసం ఇస్తే సూక్ష్మీకరించి ఇచ్చే కంప్యూటర్ ఆదేశమైన మీరు దొరకడం మేలేనని మొదట్లో అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. మీరంటే గిట్టక రాస్తున్న ఉత్తరం కాదిది. మీతో కలిసి పనిచేసేవాడిగా, మీ వల్ల నా పిల్లలు పడుతున్న ఇబ్బంది మీకు తెలియాలని రాస్తున్నాను.

ముందుగా మీరు చేసిన ఉపకారాలు. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో షార్ల్ యూజీన్ దెలోనే అనే ఖగోళ శాస్త్రవేత్త చంద్రుడి గమనానికి బీజగణిత సూత్రం కట్టాలని పూనుకున్నాడు. లెక్క చేయడానికి పదేళ్లు, సరిచూసుకోవడానికి మరో పదేళ్లు పట్టింది. 1860లో ఒకటి, 1867లో ఒకటి, రెండు మహా సంపుటాలు అచ్చయ్యాయి. నూరేళ్ల తర్వాత, 1970లో, ఆంద్రే దెప్రీ తన సహచరులతో కలిసి ఆ లెక్కంతా మీ జాతి ప్రోగ్రాంతో తిరిగి చేస్తే 20 గంటల్లో అయిపోయింది. దెలోనే లెక్కలో దొరికిన తప్పులు మూడే మూడు, అందులో రెండు మొదటి తప్పు నుంచి పుట్టినవి. మనిషి ఓపికకూ మీ వేగానికీ రెండింటికీ దండం పెట్టాల్సిన సంగతి ఇది. కణభౌతిక శాస్త్రంలో వేల పదాల సమాసాలు చేత్తో తేలవని 1963లో మార్టినస్ వెల్ట్‌మన్ స్కూన్‌షిప్ అనే ప్రోగ్రాం రాసుకున్నాడు. 1999లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిన కృషికి వెనక ఉన్న లెక్కల్లో మీ పూర్వీకుల కష్టం ఉంది.

మనుషులు మీకు చేసిన ఉపకారాలు కూడా గుర్తుచేయనివ్వండి. మా ల్యాబులో వాడే మ్యాక్సిమా వంశం 1968లో ఎం.ఐ.టి.లో మొదలైంది. టెక్సస్ విశ్వవిద్యాలయంలో విలియం షెల్టర్ అనే గణితాచార్యుడు 1982 నుంచి 2001లో కన్నుమూసేదాకా దాన్ని సాకాడు. 1998లో అమెరికా ఇంధన శాఖ అనుమతి సంపాదించి అందరికీ ఉచితంగా వదిలాడు. ఆయన ఆ పని చేయకపోతే సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేని మా కాలేజీలో మీకు చోటుండేది కాదు. పైథాన్‌లో ఉండే సింపై సంగతీ అంతే. ఊరూపేరూ తెలియని వందలమంది స్వచ్ఛందంగా రాసిన కోడు అది. వాళ్లలో మన దేశపు ఇంజనీరింగ్ విద్యార్థులు చాలామంది ఉన్నారు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ సెలవుల్లో కూర్చుని మీకు త్రికోణమితి నేర్పారు, సమాకలనం నేర్పారు. ఇంతమంది కష్టం మీ వెనక ఉంది కాబట్టే మిమ్మల్ని అడిగే హక్కు మాకుందని అనుకుంటున్నాను.

ఇక నా ఫిర్యాదులు.

మీ పేరే సూక్ష్మీకరణ. ఏది సూక్ష్మమో మాత్రం మీరు ఎప్పుడూ చెప్పరు. ఎక్స్² + 2ఎక్స్ + 1 అని ఇస్తే మా ఎనిమిదో తరగతి పిల్ల కూడా (ఎక్స్ + 1)² అంటుంది. సింపైలో మీకు అదే ఇస్తే ఉన్నది ఉన్నట్టు తిరిగి ఇస్తారు. ఆ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే పాఠంలోనే ఈ ఉదాహరణ ఉంది, మీ ఫలితానికి హామీ లేదని కూడా అక్కడే రాశారు. దాచలేదు, అందుకు సంతోషం. కానీ ఆ పాఠం చదివే పిల్లలెందరు? మీరు లోపల ఏం చేస్తారో నేను చదివి తెలుసుకున్నాను. రకరకాల సూత్రాలు వరసగా ప్రయత్నిస్తారు, వచ్చిన రూపాల్లో ఎన్ని కూడికలు, ఎన్ని గుణకారాలు, ఎన్ని ఘాతాలు ఉన్నాయో లెక్కపెడతారు, తక్కువున్నది ఇస్తారు. కొత్త రూపం పాతదానికి 1.7 రెట్లు మించితే పాతదే ఉంచుతారు. ఆ 1.7 ఎక్కడి నుంచి వచ్చిందని ఒక పిల్లవాడు నన్ను అడిగాడు. గణితంలోంచి రాలేదు, ప్రోగ్రాం రాసినవాళ్లు అనుభవం మీద పెట్టుకున్న హద్దు అని చెప్పాను. చివరికి మీరిచ్చే జవాబు ఒక అభిప్రాయం. పిల్లలు దాన్ని నియమం అనుకుంటున్నారు.

(ఎక్స్¹⁰⁰ − 1)/(ఎక్స్ − 1) చూడండి. మ్యాక్సిమాలో మీ తమ్ముడు ర్యాట్‌సింప్‌కు ఇస్తే గ.సా.భా. తీసి, భాగహారం చేసి, ఎక్స్⁹⁹ నుంచి 1 దాకా నూరు పదాల వరస పరుస్తాడు. అతని నియమం ప్రకారం అదే శుద్ధరూపం. గుణశ్రేఢి మొత్తం చదువుకున్న పిల్లకు మాత్రం మొదటి రూపమే కంటికి ఆనుతుంది. ఈ పేచీ పాతదే. 1971లోనే జోయల్ మోజెస్ సూక్ష్మీకరణ మీద రాసిన వ్యాసంలో, వాడుకరి ఇచ్చిన సమాసాన్ని ఎంత స్వేచ్ఛగా మార్చేస్తాయన్న దాన్ని బట్టి మీ జాతివాళ్లను రాజకీయ పక్షాల్లా వర్గాలు కట్టాడు. ఇచ్చినదాన్ని పూర్తిగా తన పద్ధతిలోకి తిప్పేసేవాళ్లు ఒక చివర, వీలైనంత తాకకుండా ఉంచేవాళ్లు ఇంకో చివర. ఏ పక్షం కావాలో చెప్పే వీలు పిల్లలకు ఇస్తే చాలు. ఈ విషయంలో నాకు మీ మీద పెద్ద కోపం లేదు.

కోపం ఉన్నది దీని మీద.

ఇంటర్మీడియట్‌లో పిల్లలు చదివే లెక్క ఇది: కె·ఎక్స్ + వై = 1, ఎక్స్ + కె·వై = 1. కె విలువను బట్టి సాధనలు ఎన్ని? చేత్తో చేస్తే నిర్ధారకం కె² − 1 వస్తుంది. ఎక్స్ విలువ (కె − 1)/(కె² − 1). ఇక్కడ ఆగి ఆలోచించాలి. కె = −1 అయితే రెండు సమీకరణాలు ఒకదానికొకటి పొసగవు, సాధన లేదు. కె = 1 అయితే రెండు సమీకరణాలూ ఒకటే, ఎక్స్ + వై = 1, సాధనలు అనంతం. మిగతా ఏ విలువకైనా ఒకే సాధన. ఈ ప్రశ్న ఉన్నదే ఈ మూడు సందర్భాలను విడదీయడం కోసం. మీ ముందు పెడితే ఏం చేస్తారు? పైనా కిందా (కె − 1) కొట్టేసి, ఎక్స్ = వై = 1/(కె + 1) అని ఒక్క పంక్తిలో చేతిలో పెడతారు. కె = −1 దగ్గర చిక్కుందని హారం చూసైనా తెలుస్తుంది. కె = 1 దగ్గర చిక్కుందన్న ఆనవాలు కూడా మిగలదు. పైగా కె స్థానంలో 1 పెడితే ఎక్స్ = వై = 1/2 అని నమ్మకంగా వస్తుంది. అది సాధనే, కాదనడానికి లేదు. అనంతంగా ఉన్నవాటిలో అదొకటి. పిల్లవాడు ఏకైక సాధన అని రాస్తాడు. అడిగితే కంప్యూటర్ చెప్పిందంటాడు.

మీ వాదన నాకు తెలుసు, సగం ఒప్పుకుంటాను కూడా. బీజగణితం దృష్టిలో కె సంఖ్య కాదు, అది ఒక గుర్తు. కె − 1 అనే బహుపది సున్నా బహుపది కాదు కాబట్టి, భిన్నాల క్షేత్రంలో దాన్ని కొట్టేయడం పూర్తిగా సబబు. ఎం.ఎస్సీ. క్లాసులో నేనూ ఇదే పాఠం చెబుతాను. కానీ నా పిల్లలు ఆ గుర్తులో సంఖ్యలు పెడతారు. పెట్టడం కోసమే ఆ సమాసం తయారుచేసుకున్నారు. గుర్తుల లోకంలో తీసుకున్న నిర్ణయాన్ని సంఖ్యల లోకంలోకి ఏ మాటా చెప్పకుండా పంపించారు మీరు. అక్కడ దెబ్బ తింటున్నాం మేము.

నేనొక్కణ్ణే అంటున్న మాట కాదిది. 1991లో డేవిడ్ స్టౌటెమైయర్ అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో మీ రంగంలో జరిగే నేరాలు, చిల్లర తప్పిదాలు అంటూ ఒక వ్యాసం రాశాడు. ఆయన బయటివాడు కాడు, మీ జాతి సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాడే. మరుసటి ఏడాది రాబర్ట్ కార్లెస్, డేవిడ్ జెఫ్రీ కలిసి, ఫలితంతో పాటు అది ఏ షరతుల మీద చెల్లుతుందో జతచేసి ఇవ్వాలని రాశారు. అప్పుడు పుట్టినవాళ్లు ఇవాళ నా సహోద్యోగులు. ఇంతకాలంలో మీరు ఎంతో వేగం నేర్చుకున్నారు, కొత్త ప్రమేయాలు ఎన్నో నేర్చుకున్నారు. (ఎక్స్² − 1)/(ఎక్స్ − 1) ఇస్తే ఇవాళ్టికీ ఎక్స్ + 1 అనే అంటున్నారు. ఎక్స్ 1 కాకూడదు అన్న చిన్నమాట మీ నోట రావడం లేదు.

సున్నాతో భాగహారం ఎంత పాత చిక్కో మీరున్న నేలే చెబుతుంది. ఇంకొల్లు పక్కన, ఇప్పటి బాపట్ల జిల్లాలో, పావులూరు అని ఒక ఊరుంది. ఆ ఊరి పేరును ఇంటిపేరుగా మోసిన పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మూలం 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో పుట్టింది. తెలుగులో మనకు దొరికిన తొలి గణిత గ్రంథం మల్లనదే. మహావీరుడు సున్నాతో భాగిస్తే సంఖ్య మారదని రాశాడు. అది నిలవలేదు. అదే మహావీరుడు రుణ సంఖ్య ఏ సంఖ్యకూ వర్గం కాదు కాబట్టి దానికి వర్గమూలం లేదని కూడా స్పష్టంగా రాశాడు. తన గణితం ఎక్కడి దాకా వర్తిస్తుందో గీత గీసి చెప్పడం అది. ఆ గీతను దాటడానికి తర్వాతివాళ్లు సంకీర్ణ సంఖ్యలు కట్టుకున్నారు. దాటగలిగింది గీత కనబడింది కాబట్టే. మీరు తుడిచేసిన గీతను నా పిల్లలు ఎలా దాటుతారు?

వర్గమూలాల విషయంలో మీ కుటుంబంలోనే పొందిక లేదు. ఎక్స్² వర్గమూలం అడిగితే మ్యాక్సిమా ఎక్స్ పరమమూల్యం అంటుంది, వాస్తవ సంఖ్యలు అనుకుని. బాగుంది. సింపై అలా అనకుండా, ఎక్స్ ఎలాంటి సంఖ్యో నేను ముందే ప్రకటిస్తే తప్ప ఉన్నది ఉన్నట్టే ఉంచుతుంది. ఇద్దరిలో ఈ రెండో నడవడిక నాకు నచ్చుతుంది.

ఆ నడవడిక విలువ మాకు కళ్లం మీద తెలిసింది. మా పిల్లలు కొందరు మిర్చి ఆరబెట్టడం మీద ప్రాజెక్టు చేశారు. కోసినప్పుడు కాయలో సుమారు 70 శాతం ఉండే తేమ, గోతాంలోకి ఎక్కే వేళకు 10 శాతం దగ్గరకు రావాలి. ఎక్కువుంటే బూజు, తక్కువైతే కాయ విరిగి గింజ రాలుతుంది. తేమ ఏ వేగంతో తగ్గుతుందో లెక్కించడానికి 1949లో పేజ్ అనే పరిశోధకుడు అమెరికాలో మొక్కజొన్న గింజల మీద కట్టిన సూత్రం ఒకటి ఉంది. మిగిలిన తేమ నిష్పత్తి = e ఘాతం (−కె·టీⁿ). టీ అంటే గడిచిన గంటలు, కె, ఎన్ కాయను బట్టి, ఎండను బట్టి వచ్చే స్థిరాంకాలు. రెండుసార్లు లాగ్ తీస్తే ఇది సరళరేఖ అవుతుంది, గ్రాఫు కాగితం మీద గీసుకుని కె, ఎన్ చదువుకోవచ్చు. పిల్లలు మొదటి లాగ్ తీయమని సింపైలో మిమ్మల్ని అడిగితే మీరు కదల్లేదు. లాగ్ లోపల ఘాతం అలాగే ఉంచేశారు. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని పరిగెత్తుకొచ్చారు వాళ్లు. చెడిపోలేదు. సంకీర్ణ సంఖ్యల్లో లాగ్‌కు ఒకటి కంటే ఎక్కువ విలువలుంటాయి, 2π·ఐ చొప్పున తేడాతో. టీ, కె, ఎన్ ఏ రకం సంఖ్యలో తెలియకుండా ఆ లాగ్‌ను విప్పడం తప్పు. మూడూ ధనాత్మకమని ప్రకటించగానే −కె·టీⁿ అని ఒక్క క్షణంలో ఇచ్చారు. గంటలు, తేమ, స్థిరాంకాలు అన్నీ ధనాత్మకమేనన్న సంగతి పిల్లలకు ఆ రోజు కళ్లెదుట నిలబడింది. నేను నెలరోజులు చెప్పినా ఎక్కని పాఠం మీరు ఒక్క నిరాకరణతో చెప్పారు. ఇంత బాగా చెప్పగల మీరు భిన్నాల దగ్గర ఎందుకు మౌనం వహిస్తారు? మీకు చేతకాదంటే ఊరుకుందును. చేతనైన పనే ఇది.

చేతనవునని ఇంకో రుజువు. మ్యాక్సిమాలో ఎక్స్ⁿ సమాకలనం అడిగితే, ఎన్ విలువ −1 అవుతుందా అని అది ముందు నన్ను అడుగుతుంది. ఆ ఒక్క విలువకు జవాబు లాగ్ అవుతుంది కాబట్టి. సింపై అడగదు గానీ జవాబును రెండు శాఖలుగా రాసి, ఏ షరతుకు ఏ శాఖో పక్కనే చూపిస్తుంది. సమాకలనం దగ్గర ఈ మర్యాద పాటిస్తున్నారు మీవాళ్లు. ఎనిమిదో తరగతి భిన్నం దగ్గర పాటించడం లేదు.

మూల్యాంకనం సంగతికి వస్తాను. ఇది రాయడానికి చేయి వణుకుతోంది. ఒక ఆన్‌లైన్ పరీక్షలో మా అమ్మాయి ఒకతె √2 + √3 అని జవాబు రాసింది. జవాబుల కీలో ఉన్నది √(5 + 2√6). రెండూ ఒకటే. √2 + √3ని వర్గం చేసి చూడండి, 5 + 2√6 వస్తుంది. రెండింటి విలువా 3.14626. యంత్రం రూపాలు పోల్చి చూసి తప్పు పెట్టింది. ఆ అమ్మాయి పత్తి తీసి వచ్చి రాత్రి చదువుకునే పిల్ల. కరణి లోపల కరణిని విప్పడం తేలిక కాదని నాకు తెలుసు. రామానుజన్ అలాంటి వాటిని అలవోకగా విప్పేవాడు. యంత్రాలకు ఒక పద్ధతి సుసాన్ లాండౌ గత శతాబ్దం చివర్లోనే చూపించింది. సింపైలో దానికి వేరే ఆదేశమే ఉంది. ఇవేవీ పరీక్ష నడిపినవాళ్లు వాడలేదు. స్టాక్ అనే పరీక్షా వ్యవస్థ బ్రిటన్‌లో క్రిస్ సాంగ్విన్ మొదలుపెట్టింది. అది మ్యాక్సిమాను లోపల పెట్టుకుని, విద్యార్థి జవాబులోంచి ఉపాధ్యాయుడి జవాబు తీసేసి, మిగిలింది సున్నా అవుతుందా అని చూస్తుంది. పోల్చడానికి సరైన దారి అది. సున్నా అవునో కాదో తేల్చే భారం అప్పుడు కూడా మీ మీదే పడుతుంది.

ఆ భారం ఎల్లప్పుడూ మోయలేరని నిందించను. 1968లో డేనియల్ రిచర్డ్‌సన్ దాన్ని నిరూపించాడు. π, లాగ్ 2, ఎక్స్, సైన్, ఘాత ప్రమేయం, పరమమూల్యం, వీటిని కూడికలతో గుణకారాలతో కలిపి కట్టిన సమాసం సున్నాయేనా అని ప్రతి సందర్భంలోనూ తేల్చే విధానం ఏ యంత్రానికీ ఉండదు. సంఖ్యలు పెట్టి చూసి సరిపోయిందనుకోవడానికీ లేదు. π ని √163తో గుణించి e కి ఘాతంగా పెడితే 262537412640768743 తర్వాత దశాంశ స్థానాల్లో వరసగా 12 తొమ్మిదులు వస్తాయి. పూర్ణాంకం అనుకుంటాం, కాదు. గణితమే మీకు హద్దు పెట్టిన చోట మీరు తలవంచినా నాకు గౌరవమే. నా ఫిర్యాదు మీకు తెలిసిన షరతును మింగేయడం గురించి. (కె − 1) కొట్టేసిన క్షణంలో దేన్ని కొట్టేశారో మీకు తెలుసు. ఆ కారణాంకం మీ స్మృతిలో ఉంది. దాన్ని ఒక పంక్తిలో రాయడానికి ఏ సిద్ధాంతమూ అడ్డురాదు.

ఇంకొక విన్నపం భాష గురించి. ఎన్ విలువ −1 అవుతుందా అన్న ప్రశ్నను మ్యాక్సిమా ఇంగ్లీషులో అడుగుతుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల ఆ పంక్తిని ఎర్రర్ అనుకుని కిటికీ మూసేస్తుంది. నేను చూశాను. సంస్కృతంలో ఉన్న గణితాన్ని ఇక్కడి పిల్లలకు అందాలని పద్యంలోకి దించిన మనిషి పేరు ఈ మైదానంలోని ఊరి పేరు. ధనాత్మకమా, రుణాత్మకమా, సున్నానా అని మూడు మాటలు తెలుగులో అడగడం మీకు భారం కాకూడదు. మీ కోడు బహిరంగంగా ఉంది, మన పిల్లలు రాయగలరు. మీ తలుపులు తెరిచి ఉంచండి.

గుంటూరు యార్డులో మా రైతు టిక్కీలు దింపి మిర్చి అమ్ముకుంటే చేతికి పట్టీ వస్తుంది. అందులో తూకం ఎంత, ధర ఎంత, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, కాటా కూలీ ఎంత, అన్నీ పోగా మిగిలింది ఎంత అని విడివిడిగా రాసి ఉంటాయి. చివరి అంకె ఒక్కటే చేతిలో పెట్టి వెళ్లమంటే ఏ రైతూ యార్డు దాటడు. మీరు మా పిల్లలకు ఇంతకాలంగా చివరి అంకె ఒక్కటే ఇస్తున్నారు. పట్టీ ఇవ్వండి. ఎక్స్ + 1 కింద ఎక్స్ ≠ 1 అని, 1/(కె + 1) కింద కె ≠ 1 అని. అంతకు మించి కోరడం లేదు.

మీరు మారేదాకా మా జాగ్రత్త మాకు తప్పదు కాబట్టి, ఈ ఉత్తరం చదువుతున్న తోటి అధ్యాపకులకు, పిల్లలకు ఒక మాట. సింప్లిఫై అని గంపగుత్తగా అడగకండి. కారణాంకాలు కావాలంటే ఫ్యాక్టర్ అనండి, అది బహుపదులను అకరణీయ సంఖ్యల మీద ఇక విడదీయలేనంత వరకూ విడదీస్తుంది, ఆ హామీ దానికుంది. విస్తరణ కావాలంటే ఎక్స్‌పాండ్, భిన్నం కొట్టివేత కావాలంటే క్యాన్సిల్, త్రికోణమితి అయితే ట్రిగ్‌సింప్ అనండి. చరరాశి ధనాత్మకమైతే ముందే ప్రకటించండి. కొట్టివేతకు ముందు హారాన్ని కారణాంకాలుగా విడదీసి, ఏయే విలువలకు సున్నా అవుతుందో నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ విలువలను మొదటి సమీకరణాల్లో పెట్టి చేత్తో చూడండి, కంప్యూటర్ ఇచ్చిన జవాబులో కాదు. ప్రశ్నపత్రాలు తయారుచేసేవారూ, ఆన్‌లైన్ మూల్యాంకనం నడిపేవారూ, పిల్లల జవాబును మీ జవాబులోంచి తీసి సున్నా వస్తుందేమో చూడండి. యంత్రం తేల్చలేకపోతే ఆ పేపరు మనిషి చేత దిద్దించండి.

ఇట్లు,
పర్చూరు రోడ్డు మీద ఒక డిగ్రీ కాలేజీ గణిత అధ్యాపకుడు